పంచిన గోలీ, మింగిన గోలీ

హనుమకొండ
ఆదివారం పొద్దున

బిడ్డా,

నీ పరిశోధనకు ఊర్లల్ల అడగాలని నువ్వు వాట్సాప్‌ల పంపిన ప్రశ్నల కాగితం రెండుసార్లు చదివిన. ఫోన్‌ల చెప్దామంటే మీ అమ్మ మధ్యల అందుకొని నీ పెండ్లి ముచ్చట తీస్తది. అందుకని రాస్తున్న. కాగితం మంచిగనే ఉన్నది గాని పదకొండో ప్రశ్న నాకు మింగుడు పడలె. "బోదకాలు గోలీలు ఎందుకు వేసుకోలేదు?" అని అడిగి, కింద మొదటి జవాబు "అవగాహన లేదు" అని పెట్టినవ్. నౌకరీల ఉన్నన్ని రోజులు నేను గూడ రిపోర్టులల్ల అదే మాట రాసిన. రాసేటోనికి సుఖమైన మాట అది. తప్పంతా ఊరోళ్ల మీదికి పోతది.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గ చేరిన కొత్తల మా పని రాత్రిపూటనే. నీకు తెలిసిందే, బోదకాలు తెచ్చే ఈ పురుగు పిల్లలు పగలంత ఊపిరితిత్తుల రక్తనాళాలల్ల దాసుకొని, రాత్రి పది దాటినంక బయటి రక్తంలకు వస్తయి, రాత్రి రెండింటి దాక తిరుగుతయి. మోరీల నీళ్లల్ల పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టే యాళ్ల గూడ అదే. దోమ ఒంట్ల ఈ పురుగు పెరుగుడును 1877ల చైనాల ప్యాట్రిక్ మాన్సన్ చూసిండు, తన తోటమాలిని దోమలతోటి కుట్టించి. ఆ తోటమాలి ఏమనుకున్నడో ఎవలూ రాసినట్టు లేదు.

పరకాల దిక్కు ఊర్లల్ల టార్చిలైటు పట్టుకొని తిరిగేటోళ్లం. కుక్కలు ఒక దిక్కు, నిద్రల లేపినందుకు తిట్లు ఒక దిక్కు. "అర్ధరాత్రి నెత్తురు తీస్కపోయి ఏడ అమ్ముకుంటర్రా?" అని ఒక ముసలామె చీపురు ఎత్తింది. ఎడమ చేతి వేలు దూదితోటి తుడిచి, గుచ్చి, మొదటి బొట్టు పారేసి, తర్వాతి బొట్టు స్లైడ్ మీద మందంగ పూసేటోళ్లం. తెల్లారినంక వట్టి నీళ్లల్ల ముంచితే ఎరుపంత దిగిపోతది. రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే మెలిక తిరిగిన దారం ముక్క లెక్క కనపడుతది. ఒంటి మీద పల్చటి తొడుగు, లోపల నీలం చుక్కల వరుస. ఆ చుక్కలు తోక కొసకు ముందే ఆగిపోతయి. అట్ల ఆగితే అది బోదకాలు పురుగు, వుచెరేరియా. నలభై స్లైడ్లు ఖాళీగ పోయి, నలభై ఒకటోదాంట్ల అది కనపడితే, నీతోని అబద్ధమెందుకు, సంబురమయ్యేది. సంబురపడ్డందుకు తర్వాత సిగ్గయ్యేది.

ఇప్పుడు నీకు ఆ నిద్ర చెడగొట్టుకునే బాధ లేదు. నెత్తురు బొట్టు వేసే స్ట్రిప్ మీద పట్టపగలు, పది నిమిషాలల్ల తేలుతది. ఆరేడేండ్ల పిల్లల్ని బడిలనే పరీక్ష చేస్తరు. గోలీలు మొదలైనంక పుట్టిన పిల్లల్ల పురుగు జాడ లేకపోతే, ఊర్ల అది పాకుడు బందయినట్టే లెక్క. ఆ లెక్క నాకు నచ్చుతది.

2004ల దేశంల బోదకాలున్న జిల్లాలల్ల ఏడాదికోసారి గోలీలు పంచుడు మొదలైంది. పెద్దోళ్లకు డీఈసీ అనే పురుగు మందు గోలీలు మూడు. నన్ను గూడ పంచెటోళ్లల్ల కలిపిండ్రు. మేం పోయేది పొద్దున పదింటికి, అదీ పత్తి ఏరే దినాలల్ల. ఇంటికాడ ముసలోళ్లు తప్ప ఎవలుంటరు? అయిదుగురి గోలీలు ఒక్క ముసలామె చేతుల పోసి "పొద్దూకి తిన్నంక వేస్కోండ్రి" అని చెప్పి, రిజిస్టర్ల అయిదుగురూ మింగినట్టు టిక్కు పెట్టిన. ఒక్క ఇల్లు కాదు బిడ్డా, గల్లీకి గల్లీనే. పైనుంచి అడిగేది శాతం. శాతం మంచిగనే వచ్చేది.

గా రిజిస్టర్ల నాయినమ్మ పేరు గూడ ఉండేది. ఒక దసరాకు ఊరికి పోయి సున్నం వేస్తుంటే, చింతపండు జాడీ వెనుక నాలుగు పొట్లాలు దొరికినయి. ఏ ఏటి గోలీలు ఆ ఏటి పొట్లంలనే, దారం గూడ కట్టి పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఊరందరికీ చెప్పేటోన్ని, మా అవ్వతోనే మింగించలేకపోయిన. కోపానికొస్తే ఆమె నింపాదిగ అన్నది: "మొదటి యేడు మింగిన గద కొడుకా. రాత్రంత జరం, ఒళ్లునొప్పులు. గజ్జల్ల బిళ్ల కట్టింది. మూడు దినాలు కైకిలి పోలె. సర్కారు గోలీ ఇచ్చింది గని, నా మూడు దినాల కైకిలి ఇచ్చిందా?"

ఆ జరం ఎందుకొస్తదో నీకు నాకంటే ఎక్కువ తెలుసు. మందుతోని పురుగులు చస్తుంటే ఒళ్లు ఎదురు తిరుగుతది. పురుగు లేనోళ్లకు చానామందికి ఏమీ గాదు. అంటే ఎవలకు మందు ఎక్కువ అవసరమో వాళ్లకే జరమొస్తది, వాళ్లే వాకిట్ల కూసొని పక్కింటామెకు చెప్తరు. "ఇది పురుగు చచ్చే గుర్తు, ఒకటి రెండు దినాలల్ల తగ్గుతది" అని మేం ముందే చెప్పి, ఒక పారాసిటమాల్ ఇచ్చి, తెల్లారి మళ్లొక్కసారి పోయి పలకరిస్తే ఆ పొట్లాలు జాడీ ఎనకకు పోకపోవు. దీన్ని "అవగాహన లేదు" అని ఎట్ల రాస్తవ్? ఆమెకు అనుభవమే ఉండె.

మీ కొత్త పరిశోధనలు నేను ఇష్టంగనే చదువుతున్న. పాపువా న్యూగినీల పాత మందులు డీఈసీ, ఆల్బెండజోల్‌కు ఐవర్‌మెక్టిన్ తోడు చేసి ఒక్కసారి మింగిస్తే, ఏడాదైనంక గూడ నూటికి 96 మంది రక్తంల పురుగు పిల్లలు లేవు. పాత రెండు మందులకు ఆ లెక్క 32. ఇది 2018ల అచ్చయింది, ఆ యేడే మన దేశంల గూడ మూడు మందులు మొదలైనయి. ఐవర్‌మెక్టిన్ ఎన్ని గోలీలు ఇయ్యాల్నో కర్ర పక్కన నిలబెట్టి ఎత్తు చూసి ఇస్తరు. అంటే మనిషి ఎదురుంగ ఉండాలె. ముసలామె చేతుల పోసి వచ్చేది నడువదు. నన్నడిగితే సగం మహిమ ఆ కర్రదే.

నువ్వు పని చేసే వోల్బాకియా సంగతి ఇంకా చిత్రం. పురుగు ఒంట్ల బతికే బ్యాక్టీరియా, అది చస్తే పురుగు గొడ్డుపోవుడు. డాక్సీసైక్లిన్ దాన్ని చంపుతది గని నాలుగు నుంచి ఆరు వారాలు మింగాలె, గర్భిణీలకు, చిన్నపిల్లలకు ఇయ్యరు. లివర్‌పూల్ వాళ్లు ఏడు దినాలల్ల పనయ్యే మందు కోసం చూస్తున్నరంటివి. మూడు గోలీలకే జాడీ వెతుక్కున్న మనిషి ఏడు దినాలు మింగుతదా అని మీ సారును ఒకసారి అడుగు.

ఇంకో ముచ్చట. డీఈసీని 1947ల న్యూయార్క్ దగ్గరి లెడర్లీ కంపెనీల తయారు చేసింది భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు దగ్గర పని చేసినోళ్లు. డాక్సీసైక్లిన్‌కు పెద్దన్న లెక్క, ఆ కుటుంబంల మొదటి మందు ఆరియోమైసిన్ గూడ ఆయన నడిపిన ఆ ల్యాబ్‌లదే. నాయినమ్మ దాసిన గోలీ, నువ్వు సీసాలల్ల కొలిచే మందు వంశం, రెండూ ఒక తెలుగాయన ఇంటి నుంచే వచ్చినయన్నట్టు. నాకిది రిటైరైనంక తెలిసింది. ముందే తెలిస్తే గోలీలు పంచేటప్పుడు చెప్పుకుందును.

కాలు వాచినంక ఈ గోలీలు దాన్ని పాత కాలు చెయ్యవు. నాయినమ్మకు పని చేసింది బకెట్, మగ్గు, సబ్బు. రోజూ పొద్దున కాలు కడిగి, వేళ్ల సందులు మెత్తటి బట్టతోని తడి లేకుండ అద్ది, పగుళ్లకు మందు రాసి, పీట మీద కాలు ఎత్తి పెట్టుకొని కూసుంటది. ఇదివరకు యేడాదికి నాలుగైదు సార్లు వచ్చే చలిజరం ఇప్పుడు రాకనే రెండేండ్లు దాటింది. డాక్సీతోని ఆఫ్రికాల ఘనా దేశంల వాపు తగ్గిందని 2012ల రాసిండ్రు, అది నిజమేనా అని తర్వాత మన దేశంల గూడ పరీక్ష చేసి చూసిండ్రు. ఆ పరీక్షలల్ల మందు ఇచ్చినోళ్లకు, ఇయ్యనోళ్లకు, ఇద్దరికీ కాలు కడుగుడు నేర్పిండ్రు చూడు, అది నాకు బాగ నచ్చింది.

పదకొండో ప్రశ్న కింద "వేసుకుంటే జరమొచ్చింది", "కైకిలి పోయింది", "మేం ఇంట్ల లేనప్పుడు వచ్చిండ్రు", "మా ముందర మింగుమని ఎవలూ అనలే" అని పెట్టు. అవగాహన గిట్ల ఉంటే అడుక్కు పెట్టు. పొద్దున పదింటికి మాత్రం పోకు. పొద్దూకినంక పో, కుక్కలకు బిస్కెట్లు తీస్కపో.

నాయినమ్మ చెప్పులు తెగినయి. మెత్తటివి, పట్టీ వదులు చేసుకునేటివి చూడు. ఎడమకాలుకు తొమ్మిది, కుడికాలుకు ఆరు. దుకాణపోడు జత విడగొట్టడు, రెండు జతలు కొను. మిగిలిన రెండు చెప్పులు గూడ తీస్కరా, పక్కింటి వాళ్ల అవ్వకు కుడికాలు బోదకాలు.

మీ బాపు