ఉన్న కథే చాలు, మసాలా ఎందుకు?

సంపాదకులు గారికి,

మీ ఆదివారం పేజీలో వస్తున్న ఇంగ్లండ్ రాజులు, రాణుల కథలు వదలకుండా చదువుతున్నాను. చదివిస్తున్నాయి, కాదనను. కానీ ఎనిమిదో హెన్రీ రెండో భార్య ఆన్ బొలీన్‌కి కుడిచేతికి ఆరు వేళ్లుండేవని కళ్లారా చూసినట్టు రాసేశారే, అదే నచ్చలేదు. ఆ మాట పుట్టించింది నికొలస్ శాండర్ అనే కాథలిక్ రచయిత. ఆమె చనిపోయేనాటికి అతను చిన్నపిల్లాడు, పుస్తకం రాసింది దశాబ్దాల తర్వాత, పైగా తర్వాత ప్రొటెస్టెంట్ రాణి అయిన ఆమె కూతురు ఎలిజబెత్ పేరెత్తితేనే మండిపడే మనిషి. అలాంటాయన మాట పట్టుకుని వ్యాసం మొదలుపెడితే ఎలా?

అసలు ఆమె కథకి మసాలా అవసరమా అని. 1533లో పెళ్లి, అదే ఏడాది సెప్టెంబర్‌లో కూతురు, కొడుకు పుట్టలేదని మూడేళ్లకే రాజుగారికి మొహం మొత్తింది. వ్యభిచారం, రాజద్రోహం అంటూ కేసు పెట్టి, తోడబుట్టినవాడితో సహా అయిదుగురు మగవాళ్లని అందులోకి లాగి చంపేశారు. ఆమెకి మరణశిక్ష చదివి వినిపించింది ఎవరనుకున్నారు, స్వయానా మేనమామ, నార్‌ఫోక్ డ్యూక్! గొడ్డలి బదులు కత్తితో నరకడానికి ఫ్రాన్స్ తీరంలోని కేలే నుంచి మనిషిని రప్పించారు, అదే హెన్రీ చూపించిన దయ. 1536 మే 19న తల తెగింది, మర్నాడే జేన్ సీమోర్‌తో నిశ్చితార్థం, మే 30న పెళ్లి. ఇంత ఉండగా ఆరో వేలు దేనికండీ?

మూడో రిచర్డ్ విషయంలోనూ ఇదే తంతు. గూని, ఎండిపోయిన చెయ్యి అని, ఆయన్ని ఓడించి గద్దెనెక్కిన ట్యూడర్ల కాలంలో రాసిందే మీరూ రాశారు. 1485లో బోస్‌వర్త్ యుద్ధంలో చచ్చిపోయిన ఆయన ఎముకలు 2012లో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ కింద దొరికాయి కదా, వెన్నెముక వంకర నిజమేనని తేలింది, చెయ్యి మాత్రం శుభ్రంగా ఉంది. వ్యాసంలో ఈ ముక్క రాకపోవడం నాకైతే వింతగా అనిపించింది.

ఇంకో సంగతి, ఎంతసేపూ ఎనిమిదో హెన్రీ, ఆయన ఆరుగురు పెళ్లాలేనా? 1553లో తొమ్మిది రోజులు రాణి అనిపించుకున్న జేన్ గ్రే ఉంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో తల నరికే ముందు, పదహారో పదిహేడో ఏళ్ల పిల్ల, కళ్లకి గంతలు కట్టుకున్నాక తల పెట్టాల్సిన దుంగ చేతికి తగలక గాల్లో తడుముకుంటూ "ఏం చెయ్యను? ఎక్కడుంది?" అని అడిగింది. పక్కనున్న ఒకాయన చెయ్యి పట్టి చూపించాల్సి వచ్చింది. ఇది అప్పట్లోనే అచ్చులో నమోదైన సంగతి, ఎవరో అల్లింది కాదు. మరణశిక్ష పడిన రాజు మొదటి చార్లెస్ అయితే 1649 జనవరి చలిలో వణికితే భయపడ్డాడనుకుంటారని రెండు చొక్కాలు వేసుకుని వధ్యశిల దగ్గరికి నడిచాడు. ఆ రెండో చొక్కా గురించి రాయండి, జనం చదవరేమో చూద్దాం.

వచ్చే వారం, ఆ చార్లెస్‌ని గద్దె దింపినవాళ్లలో ముఖ్యుడు ఆలివర్ క్రామ్‌వెల్ అని ప్రకటించారు. 1658లో పోయిన మనిషి శవాన్ని 1661లో తవ్వితీసి మరీ ఉరేసి, తల నరికి వెస్ట్‌మిన్‌స్టర్ హాల్ మీద గుచ్చారు. దయచేసి దానికి మీరేమీ కలపకండి. ఏది రికార్డుల్లో ఉంది, ఏది వినికిడి అన్నది వ్యాసం కింద రెండు లైన్లలో చెప్తే మాలాంటివాళ్లకి అదే పదివేలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు