ఆదివారం కన్యాశుల్కం చూద్దాం

అందరికీ నమస్తే. ఆదివారం సాయంత్రం 6 గంటలకు నల్గొండ క్లాక్ టవర్ దగ్గర మన రిహార్సల్ గదిలో 1955 నాటి కన్యాశుల్కం సినిమా వేస్తున్నాం. గురజాడ నాటకంలో మొదటి అంకమైనా చదివి రండి. గిరీశం ఒక్కడే నిలబడి తనలో తాను మాట్లాడుకుంటూ మొదలుపెడతాడు కదా, స్టేజీ మీద ఆ మాట చివరి వరుసదాకా వినబడాలి. కెమెరా దగ్గరికొస్తే అంత గొంతు అక్కర్లేదు, కళ్లు చాలు. సినిమాలో గిరీశంగా ఎన్టీఆర్ ఏం చేశారో అక్కడే గమనించండి. మన కుర్రాళ్లు షార్ట్ ఫిల్మ్‌లో కూడా అరుస్తున్నారు, అందుకే ఇంతగా చెప్తున్నాను. విజయనగరం యాస మనకు కొత్త, కాసేపు ఓపిక పట్టండి. సావిత్రి వేసిన మధురవాణి పాత్ర గురించి సినిమా అయ్యాక మాట్లాడుకుందాం. నాటకం పుస్తకం ఉన్నవాళ్లు తప్పక తీసుకురండి.