డిసెంబరు వార్తాలేఖ: జ్లాటే వస్తోంది, తెల్ల చీరలు కావాలి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ముందు పని మాట. తెల్ల చీరలు కనీసం ఆరు కావాలి. పాతవైనా, కాస్త చిరిగినవైనా పర్వాలేదు. ఎందుకో కింద చెబుతాను.

ఈసారి మన ఆదివారం తెలుగు బడి నాటకం ఐజాక్ బషెవిస్ సింగర్ రాసిన 'జ్లాటే అనే మేక'. హనుక్కా పండగ కథ. "తెలుగు బడిలో యూదుల కథ ఏంటండీ?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. సింగర్ 1935లో పోలండ్ నుంచి న్యూయార్క్ వచ్చి, 1991లో చనిపోయేదాకా ఇంటి భాష ఇడ్డిష్‌లోనే (తూర్పు ఐరోపా యూదుల భాష) రాశారు. ఈ కథ ఉన్న పుస్తకమే పిల్లల కోసం ఆయన రాసిన మొదటిది. 1966లో వచ్చింది, అప్పటికి ఆయనకి అరవై దాటాయి. 1978లో నోబెల్ వచ్చింది. న్యూజెర్సీలో కూర్చుని పిల్లలకి గుణింతాలు దిద్దించే మనకి ఆయన మరీ పరాయివాడేం కాదనిపించింది. అన్నట్టు, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే యూదు సమాజం ఉంది. వాళ్ల ఇంటి భాష తెలుగే.

కథ చిన్నది. రూవెన్ ఉన్నితోళ్ల కోట్లు కుట్టేవాడు. ఆ ఏడు చలి లేదు, బేరాలూ లేవు. పండగకి కొవ్వొత్తులు, నూనె, బంగాళాదుంపలు కొనాలంటే ముసలి మేక జ్లాటేని ఎనిమిది గుల్డెన్‌లకి (అప్పటి నాణేలు) కసాయికి అమ్మాల్సిందే. పన్నెండేళ్ల కొడుకు ఆరన్ దాన్ని తోలుకుని పట్నం బయల్దేరతాడు. దారిలో మంచు తుఫాను. ఇద్దరూ ఒక గడ్డివాములో దూరతారు. మేక గడ్డి తింటుంది, పిల్లాడు మేక పాలు తాగుతాడు. అలా మూడు రోజులు. ఈలోగా చలి ముదిరి రూవెన్‌కి బేరాలు తగులుతాయి. ఆరన్, మేక ఇల్లు చేరాక దాన్ని అమ్మే మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

1973లో దీన్ని వెస్టన్ వుడ్స్ సంస్థ చిన్న సినిమాగా తీసింది. దర్శకుడు జీన్ డీచ్. మీరు చిన్నప్పుడు చూసిన టామ్ అండ్ జెర్రీల్లో పదమూడు ఆయన తీసినవే. ఇది మాత్రం కార్టూన్ కాదు, మనుషులతో తీసింది. సినిమా వాళ్లకి తుఫాను కావాలంటే కెమెరాని మంచులోకి తీసుకెళ్లొచ్చు. మాకు ఉన్నది ఒక క్లాస్‌రూమ్, రెండు ట్యూబ్‌లైట్లు. అందుకే తెల్ల చీరలు. ఆరుగురు పిల్లలు వాటిని రెండు వైపులా పట్టుకుని ముందు మెల్లగా, తర్వాత జోరుగా ఊపుతారు. పోయిన ఆదివారం రెండు దుప్పట్లతో చేసి చూస్తే ఆరన్ నిజంగానే కనబడకుండా పోయాడు.

గడ్డివాము దగ్గరే అసలు చిక్కు. మేక ఒక్క ముక్కే మాట్లాడుతుంది. మూడు రోజుల కథని ఆ ఒక్క ముక్కతో ఎలా నడపాలి? మా టీచర్ ఒకరు కష్టపడి ఆరన్‌కి ఒకటిన్నర పేజీ డైలాగులు రాశారు. రిహార్సల్లో మన ఆరన్ సగంలో మర్చిపోయి, తల దించుకుని కూర్చున్నాడు. మేక వేషం వేసిన అమ్మాయి ఏం చేయాలో తెలియక మెల్లగా "మే..." అంది. వాడు "అవును" అన్నాడు. వెనక గోల చేస్తున్న చిన్నపిల్లలు కూడా చూస్తూ ఉండిపోయారు. ఆ పేజీన్నర కొట్టేశాం. పాపం, రాసిన టీచరే ముందు పెన్ను తీశారు.

ఆ "మే" కుదరడానికే ఒక రిహార్సల్ పట్టింది. సగం మంది పిల్లలు "బా" అన్నారు. ఇంగ్లీషులో గొర్రె అలా అరుస్తుందట. మనది తెలుగు మేకమ్మా అని చెప్పాను. జ్లాటే అనే పేరు బంగారం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. అందుకని ఆరన్ దాన్ని "బంగారం" అని పిలుస్తాడు. ఇది పిల్లలే కనిపెట్టారు. గడ్డివాము అనే మాట నెల క్రితం ఒక్కరికీ రాదు, ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా వాడుతున్నారు.

ఇక కసాయి సంగతి. మా పాప రాత్రి ఏడ్చింది, ఆ ముక్క తీసేయండి అని ఒక తల్లి ఫోన్ చేశారు. ఆలోచించాను. కసాయి స్టేజీ మీదకి రాడు, కత్తి కనబడదు. కానీ అమ్మకం ఉంటుంది. అది తీసేస్తే ఆరన్ మేకతో వాకింగ్‌కి వెళ్లినట్టే ఉంటుంది. ఆ పాపనే ఆరన్ చెల్లెలు మిరియం వేషానికి అడిగాను, ఒప్పుకుంది. మేక తిరిగొచ్చినప్పుడు ముందు పరిగెత్తేది తనే.

హనుక్కాని పిల్లలకి "యూదుల దీపావళి" అని మాత్రం చెప్పకండి. క్రీస్తుపూర్వం 164లో జెరూసలేం ఆలయాన్ని మళ్లీ శుద్ధి చేసుకున్న రోజులవి. ఒక్క రోజుకి సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. నూనె దీపం చూస్తే మనకి మన పండగ గుర్తొస్తుంది, తప్పు లేదు. కానీ వాళ్ల కథ వాళ్లది. మనం స్టేజీ మీద వాళ్ల ప్రార్థనలు చదవం. కొవ్వొత్తులు కూడా బ్యాటరీవే, బిల్డింగ్ వాళ్లు నిప్పు ఒప్పుకోరు.

చిన్న క్లాసు వాళ్లకి అదే పుస్తకంలోని చెల్మ్ ఊరి కథ ఇచ్చాం. యూదుల కథల్లో అది తెలివితక్కువవాళ్ల ఊరు. హనుక్కా రాత్రి కురిసిన మంచుని ముత్యాలనుకుని, ఎవరూ తొక్కకుండా ఇంటింటికీ కబురు పంపాలనుకుంటారు ఊరి పెద్దలు. కబురు చెప్పేవాడి కాళ్లకింద ముత్యాలు నలిగిపోతాయని వాణ్ని బల్ల మీద కూర్చోబెట్టి నలుగురితో మోయిస్తారు! మన పరమానందయ్య శిష్యులకి చుట్టాలే వీళ్లు. గట్టి బల్ల ఉన్నవాళ్లు చెప్పండి.

నాటకం డిసెంబరు 14, ఆదివారం, మధ్యాహ్నం 3 గంటలకి. ఆ సాయంత్రమే హనుక్కా మొదటి కొవ్వొత్తి, కాబట్టి ఆ పండగ ఉన్న స్నేహితుల్ని పిలిస్తే వాళ్లు 4 కల్లా బయల్దేరేలా చూస్తాం. కథకి హక్కులున్నాయి. టికెట్ లేదు, వీడియోలు నెట్‌లో పెట్టకండి, ఫోటోలు సరే. తర్వాత బంగాళాదుంప తురుముతో లాట్కేలు (హనుక్కాకి నూనెలో వేయించే అట్లు) వేస్తాం. గుడ్డు తిననివాళ్ల కోసం విడిగా పెనం ఉంటుంది. అందులోకి శనగపిండి వేద్దామని ఒకరు సలహా ఇచ్చారు. వేస్తే బజ్జీ అవుతుందండీ, మైదాతో సరిపెడదాం. తురమడానికి నలుగురు కావాలి, తురుముపీటలు మీవే తెచ్చుకోండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు