సైకాలజీ సీటు తీసుకునే ముందే పిల్లలకు ఈ సంగతి చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను కర్నూల్లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్ట్ మీద కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను, సొంతూరు ప్రొద్దుటూరు పక్కన ఒక పల్లె. మీ పేపర్ మా ఇంట్లో చిన్నప్పటి నుండి వస్తుంది, ఎప్పుడూ ఉత్తరం రాయలేదు గానీ పోయిన వారం జరిగింది చూసినాక రాయకుండా ఉండలేకపోయినా.

ఓపీ అయిపోయి రిజిస్టర్ రాసుకుంటా ఉంటే ఆదోని వైపు నుండి ఒకాయన కూతుర్ని తీసుకోని వచ్చినాడు. పాప ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్‌లో సీటు రాలేదు, సైకాలజీ చదువుతానని పట్టుబట్టింది అంట. ఆయన కూర్చోకుండానే అడిగినాడు, "మేడం, ఇది చదివితే మా పాప డాక్టరవుతుందా కాదా, ఒక్కమాట చెప్పండి, ఊర్లో అందరూ పిచ్చోళ్ళ చదువు అంటాండారు" అని. పాప తల వంచుకోని చున్నీ కొస వేలికి చుట్టుకుంటా ఉంది. ఆ ఒక్కమాట నేను చెప్పలేకపోయినా, దాదాపు గంట పట్టింది. పదేళ్ళ కింద మా నాయనకు కూడా ఎవరైనా ఒక గంట కూర్చోబెట్టి చెప్పి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది.

ఎందుకంటే నా సంగతి ఇది. డిగ్రీ అయినాక సైకాలజీలో ఎమ్మెస్సీ చేసినా, మంచి మార్కులే వచ్చినాయి, ఇంక బోర్డు పెట్టుకోని క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవచ్చు అనుకున్నా. కాదని తెలిసినాక ఒక ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు (పేరు రాయను) క్లినికల్ సైకాలజీలో డిప్లొమా ఇస్తాం, ఏ ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది అంటే నమ్మినా. మా నాయన ఆ ఏడు శనగలు అమ్మిన దుడ్లు తెచ్చి కట్టినాడు. కోర్సు అయిపోయి ఒక ఆసుపత్రిలో ఇంటర్వ్యూకి పోతే అక్కడాయన సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసి "ఆర్‌సీఐ నంబర్ ఏదమ్మా?" అన్నాడు. ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి, ఐదేళ్ళు సైకాలజీ చదివినాక! బస్టాండ్‌కి నడుచుకుంటా వచ్చేటప్పుడు నాయనకు ఏం చెప్పాలో తెలియక రెండు బస్సులు వదిలేసినా.

అందుకే విషయం నేరుగా రాస్తాను. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి ఆ తర్వాత సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టర్, మందులు రాసేది వాళ్ళే. సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు చేస్తారు, థెరపీ చేస్తారు. అందులో క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే 1992 చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అదే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చదివి వాళ్ళ రిజిస్టర్‌లో పేరెక్కి నంబర్ తెచ్చుకోవాలి. ఉత్త ఎమ్మే, ఎమ్మెస్సీ ఎంత మంచి యూనివర్సిటీలో చేసినా ఆ నంబర్ రాదు. ఇన్నాళ్ళూ అందరూ పోయిన దారి ఏమంటే పీజీ తర్వాత రెండేళ్ళ ఎం.ఫిల్, ఆసుపత్రిలో సీనియర్ల కింద రోజూ పేషెంట్లను చూస్తా నేర్చుకునేది. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీ సీఐపీ లాంటి పెద్ద మానసిక ఆసుపత్రుల్లో సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి, దేశమంతా వాటికి పోటీ.

ఇప్పుడు ఆ దారి కూడా మారుతా ఉంది. 2022లో యూజీసీ, అంటే యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే సంస్థ, ఎం.ఫిల్ డిగ్రీనే ఎత్తేసింది, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా గడువు పొడిగించింది. దాని బదులు ఆర్‌సీఐ కొత్తగా నాలుగేళ్ళ బీఎస్సీ ఆనర్స్, ఎంఏ క్లినికల్ సైకాలజీ, సై.డీ (సైకాలజీలో డాక్టరేట్) అని కోర్సులు తెచ్చింది. అంటే ఇంటర్ పూర్తయిన పాప ఇప్పుడు తీసుకునే నిర్ణయం మీదే తర్వాత ఐదారేళ్ళు ఆధారపడి ఉంటాయి. ఉత్త బీఏలో సైకాలజీ తీసుకున్నా, ఆర్‌సీఐ గుర్తించిన బీఎస్సీలో చేరినా పేరు రెండిటికీ సైకాలజీయే గానీ రెండూ ఒకే ఊరికి పోయే బస్సులు కావు. ఈ సంగతి డిగ్రీ కౌన్సెలింగ్ అప్పుడు ఏ కాలేజీ వాళ్ళు పిల్లలకు చెప్తాండారు?

ఇంకొకటి కూడా చాలామందికి తెలియదు. ఇగ్నో లాంటి చోట దూరవిద్యలో సైకాలజీ ఎమ్మే చేసుకోవడం మా సీమ ఆడపిల్లలకు పెద్ద ఆసరాగా ఉండేది, పెళ్ళయినోళ్ళు, టీచర్లు, అంగన్‌వాడీలో పనిచేసేవాళ్ళు కూడా చదువుకునేవాళ్ళు. 2025 ఆగస్టులో యూజీసీ దాన్ని ఆపేసింది, 2021 అలైడ్ హెల్త్ కేర్ చట్టం కిందికి వచ్చే సైకాలజీ లాంటి కోర్సులు ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ ఇంక కొత్తగా చేర్చుకోకూడదని. ఒకరకంగా ఇది మంచిదే, పేషెంట్ ముందు కూర్చోకుండా పుస్తకం చదివి పరీక్ష రాసి వచ్చినోళ్ళ చేతిలో మనసు బాగలేని మనిషిని పెట్టకూడదు, ఆ మాట నేను ఒప్పుకుంటాను. కానీ ఒక తలుపు మూసినప్పుడు పక్కన ఇంకోటి తెరవాల కదా సార్. ఆళ్ళగడ్డలోనో కళ్యాణదుర్గంలోనో ఉండే ఆమె ఇద్దరు పిల్లల్ని వదిలి హైదరాబాద్ హాస్టల్లో ఉండి చదువుతుందా? పైగా ఇప్పటికీ వాట్సాప్‌లో "మూడు రోజుల్లో సర్టిఫైడ్ కౌన్సిలర్" అని పోస్టర్లు తిరుగుతానే ఉండాయి, యూజీసీ మాట వాటికి తగిలినట్టు లేదు.

మా దగ్గర అసలేమీ లేవని కాదు. కడప యోగి వేమన యూనివర్సిటీలో సైకాలజీ పీజీ ఉంది, పీజీసెట్ రాసి చేరొచ్చు, తిరుపతి ఎస్వీయూలో ఉంది, అనంతపురం సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ రాయాల. ఇవి చదివినోళ్ళకు నెట్ రాసి లెక్చరర్ అయ్యే దారుంది, పీహెచ్‌డీకి పోవచ్చు, సివిల్స్‌లో సైకాలజీ ఆప్షనల్ తీసుకునేవాళ్ళు ఉండారు, కంపెనీల్లో హెచ్‌ఆర్ వైపు పోయినోళ్ళు ఉండారు, నా క్లాస్‌మేట్ ఒకామె పెనుకొండ వైపు ఫ్యాక్టరీలో ట్రైనింగ్ సెక్షన్‌లో మంచి జీతానికి ఉంది. అమెరికా పోతామనే పిల్లలకు ఒక్కమాట, అక్కడ సైకాలజిస్ట్ లైసెన్స్ అంటే మామూలుగా డాక్టరేట్ అడుగుతారు, రెండేళ్ళ మాస్టర్స్ అయిపోగానే క్లినిక్ పెట్టుకుంటామని కన్సల్టెన్సీ వాళ్ళు చెప్తే నమ్మి అప్పు చేయొద్దు.

ఉద్యోగాలు లేవు అనేది కూడా సగం నిజమే. 2025 జూలై 25న సుప్రీంకోర్టు విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉండి చనిపోయిన అమ్మాయి కేసులో తీర్పిస్తా, వంద మంది, అంతకు పైన విద్యార్థులుండే ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సిలర్‌ని గానీ సైకాలజిస్ట్‌ని గానీ సోషల్ వర్కర్‌ని గానీ పెట్టాలని చెప్పింది, కోచింగ్ సెంటర్లకు కూడా. మన రాష్ట్రం నుండే పోయిన కేసు అది. కర్నూలు, అనంతపురంలో ఎన్ని కార్పొరేట్ కాలేజీలు, ఎన్ని హాస్టళ్ళు ఉండాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, వాటిలో వంద మంది కంటే తక్కువుండేది ఎన్ని? ఆ ఒక్క ఆదేశం గట్టిగా అమలైతే సైకాలజీ చదివిన మా పిల్లలు ఖాళీగా ఉండరు. ఇంతవరకు నేను చూసిన చోట్ల కౌన్సిలర్ అంటే వార్డెనే, లేకపోతే తెలుగు సారే, పాపం ఆయనకు పేపర్లు దిద్దుకోవడానికే టైం ఉండదు. హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే వన్ స్టాప్ సెంటర్లలో, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో, మద్యం మాన్పించే కేంద్రాల్లో, హెచ్ఐవీ పరీక్షల సెంటర్లలో కూడా కౌన్సిలర్ పోస్టులుంటాయి, అన్నీ దాదాపు కాంట్రాక్టే, జీతం టైంకి పడితే పండగే, కానీ పని మాత్రం నిజమైన పని.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని ఒకటుంది, 1996లో మొదలైంది, అందులో సైకియాట్రిస్ట్‌తో పాటు క్లినికల్ సైకాలజిస్ట్ ఉండాలని రాసుకున్నారు. ఆ కార్యక్రమానికి నమూనా ఎక్కడిదో తెలుసా సార్, మన బళ్లారిది. 1980లలో నిమ్హాన్స్ వాళ్ళు బళ్లారి జిల్లాలో పీహెచ్‌సీ డాక్టర్లకు, హెల్త్ వర్కర్లకు మానసిక జబ్బులు గుర్తుపట్టడం నేర్పి, పల్లెలోనే మందులిచ్చి చూపించినారు, దేశమంతా దాన్ని బళ్లారి మోడల్ అంటుంది. గుంతకల్లులో రైలెక్కితే గంటకు అటూ ఇటూగా బళ్లారి. దేశానికి దారి చూపించిన ఊరి పక్కనే ఉండి మనం మాత్రం మనసు బాగలేకపోతే మొదట తాయెత్తు, తర్వాత బెంగళూరు అంటాన్నాం.

ఇక్కడోళ్ళే చదివి ఇక్కడే ఎందుకు పనిచేయాల అనేదానికి నా టేబుల్ దగ్గర జరిగింది ఒకటి చెప్తాను. డిప్రెషన్ కనుక్కోవడానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంటుంది, పోయిన రెండు వారాల్లో ఎట్లుందని అడిగి మార్కులు వేసేది. ఆలూరు వైపు నుండి వచ్చిన ఒకామెకు, యాభై ఏళ్ళుంటాయి, మాతో ట్రైనింగ్‌లో ఉన్న పాప ఆ ఫారం చదివి వినిపించింది, "గత రెండు వారాలుగా నిరాశగా, నిస్పృహగా అనిపించిందా?" అని. ఆమె "అట్లాంటివన్నీ మాకేడివి తల్లీ" అనింది, పాప సున్నా వేసేసింది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకోని "అక్కా, అన్నం సయిస్తాందా?" అన్నా. అంతే, ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకునింది. "ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతు దిగదు మేడం, తెల్లవార్లూ కండ్లు మూత పడవు, గుండెలో గుబగుబ, ఎందుకు బతికినానో నాకే తెలీదు" అని ఏడ్చింది. అదే ఫారం, అవే తొమ్మిది ప్రశ్నలు, మా మాటల్లో అడిగితే పద్దెనిమిది మార్కులు వచ్చినాయి. ఆరోజే సైకియాట్రీ ఓపీకి చేయి పట్టుకోని తీసుకుపోయినా. నిరాశ, నిస్పృహ మా ఊర్లో ఎవరూ అనరు సార్, గాబరా అంటారు, మనసు నిలకడ లేదంటారు, ఒళ్ళంతా మంటలంటారు. బయట నుండి ఎంత పెద్ద సైకాలజిస్ట్ వచ్చినా ఇది పట్టుకోవడానికి ఆయనకు ఏళ్ళు పడుతుంది, మా పిల్లలకైతే వాళ్ళ జేజి మాటలే కదా అవి.

కాబట్టి నేను కోరుకునేది పెద్ద కోరికేమీ కాదు. కర్నూలు మెడికల్ కాలేజీ 1957 నాటిది, అనంతపురంలో ఉంది, కడపలో రిమ్స్ ఉంది, మూడింట్లోనూ సైకియాట్రీ విభాగాలు ఉండాయి, పేషెంట్లకైతే కొదవే లేదు. ఆర్‌సీఐ గుర్తింపుతో క్లినికల్ సైకాలజీ కోర్సు ఈ మూడింట్లో యోగి వేమన లాంటి యూనివర్సిటీతో కలిసి పెట్టండి, మొదట పది సీట్లైనా చాలు. డిగ్రీ అడ్మిషన్లప్పుడు సైకాలజీ అనే ప్రతి కోర్సు పక్కన దీనికి ఆర్‌సీఐ గుర్తింపు ఉంది, లేదు అని ఒక్క ముక్క రాయించండి. సుప్రీంకోర్టు చెప్పిన కౌన్సిలర్లను కాలేజీలు పెట్టినారో లేదో కలెక్టర్లు అడగండి, పెట్టినోళ్ళ చదువేందో కూడా అడగండి.

మీ పేపర్‌కి ఒక విన్నపం. మీ విద్యా పేజీలో ఇంజనీరింగ్ ర్యాంకుకి ఏ కాలేజీ వస్తుందో రోజూ వేస్తారు, అందులో ఒక్కరోజు, వెబ్ ఆప్షన్లు మొదలయ్యే ముందు, సైకాలజీ దారులన్నీ ఒక అర పేజీలో వేయండి. తల్లిదండ్రులు మా మాట కంటే పేపర్ మాట నమ్ముతారు. అట్లే మనసు బాగలేనోళ్ళకు ఫోన్‌లో సాయం చేసే టెలీ మానస్ నంబర్ 14416 కూడా వేయండి, రాత్రిపూట కూడా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ.

ఆ ఆదోని ఆయన ఏం చేసినాడంటే, పోయే ముందు కారిడార్‌లో నిలబడి తన ఫోన్ నాకిచ్చి ఆర్‌సీఐ వెబ్‌సైట్ ఎట్లా చూడాలో చూపించమన్నాడు. గుర్తింపు ఉన్న కాలేజీల లిస్ట్ తెరిచి ఇచ్చినా, వేలితో పైకి కిందికి జరుపుతా చాలాసేపు చూసినాడు. "మన జిల్లా ఏడుంది మేడం ఇందులో?" అని అడిగినాడు. పాప కూడా ఫోన్‌లోకి తొంగి చూస్తా ఉండింది.

ఇట్లు,
ఒక కౌన్సిలర్,
కర్నూలు.