ఆ రాత్రి మాతో మేలుకున్న అందరికీ

అందరికీ నమస్కారం. మా యూనివర్సిటీ తెలుగు క్లబ్ సెక్రటరీగా ఇది రాస్తున్నాను. నిజానికి సోమవారమే రాయాల్సింది. కాళ్ళ నొప్పులూ ఫైనల్స్ టెన్షనూ కలిసి ఇంతదాకా లాగాయి, ఏమీ అనుకోకండి.

ఆ రాత్రి మనం నడిచిన, క్యాన్సర్ కోసం విరాళాలు పోగుచేసే 'రిలే ఫర్ లైఫ్' అంటే ఏమిటని వైజాగ్ నుంచి మా అమ్మ అడిగితే, "మన సింహాచలం గిరి ప్రదక్షిణ లాంటిదేనమ్మా. అక్కడ కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, ఇక్కడ గ్రౌండ్ చుట్టూ తెల్లారేదాకా" అన్నాను. "మరి మధ్యలో దేవుడేడి?" అంది. ఫోన్లో నవ్వి ఊరుకున్నాను.

1985లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టాకోమాలో గోర్డీ క్లాట్ అనే సర్జన్ ఒక్కడే స్టేడియం ట్రాక్ మీద 24 గంటలు తిరిగి, 83 మైళ్ళు పూర్తి చేశాడట. అరగంట ఆయన పక్కన నడవడానికి స్నేహితులు తలా 25 డాలర్లు ఇచ్చారు. మొత్తం 27,000 డాలర్లు అమెరికన్ క్యాన్సర్ సొసైటీకి చేరాయి. ఇప్పుడు టీముల లెక్కన నడుస్తారు. టీములో ఒక్కరైనా ఎప్పుడూ ట్రాక్ మీద ఉండాలి. రూలు అదొక్కటే. మేం తప్పింది కూడా దాంట్లోనే.

తెల్లవారుజామున మూడింటి నుంచి నాలుగింటి దాకా వంతు ఉన్న మా వాళ్ళిద్దరూ టెంటులో నిద్రపోయారు. చేసిన జాబితా నాదే, అలారం పెట్టనిదీ నేనే. లేచి పరిగెత్తుకెళ్ళేసరికి మా బ్యానరు ట్రాక్ మీద తిరుగుతూనే ఉంది. పక్క టెంటులోని నర్సింగ్ విద్యార్థినులు ఇద్దరు, తమ వంతు అయిపోయినా, దాన్ని పట్టుకుని నడుస్తున్నారు. బ్యానరు మీద రాసింది ఒక్క అక్షరం కూడా వాళ్ళకు రాదు. ఒహాయోలో ఏప్రిల్ చలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

చీకటి పడ్డాక ట్రాక్ అంచున కాగితం సంచుల్లో దీపాలు పెడతారు. క్యాన్సర్‌తో పోయినవాళ్ళ పేర్లూ, పోరాడుతున్నవాళ్ళ పేర్లూ సంచుల మీద ఉంటాయి. మాకు వాట్సాప్‌లో 41 పేర్లు వచ్చాయి, సగం ఆఖరి రోజునే. ఇక్కడే పుట్టి పెరిగిన మా జూనియర్లకు తెలుగు రాయడం రాదు, నా రాత నాకే అర్థం కాదు. రిటైరైన ఒక మాస్టారు, కూతురి దగ్గరకు వచ్చి ఉన్నవారు, మధ్యాహ్నమంతా కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో 41 సంచులూ రాశారు. ఒకరు "పేరొద్దు, 'అమ్మ' అని రాయండి చాలు" అన్నారు. ఆ సంచి దగ్గర మాస్టారి పెన్ను కాసేపు ఆగింది. తర్వాత మామూలు కన్నా పెద్ద అక్షరాలతో రాశారు.

సంచులు గాలికి ఎగరకుండా బరువు కోసం శనగల డబ్బాలు అప్పిచ్చిన ఇండియన్ స్టోర్ బాబాయ్‌కి దండాలు. మర్నాడు తిరిగిచ్చేద్దామని తీసుకెళితే, "ఫుడ్ బ్యాంకులో ఇచ్చేయండ్రా" అని పంపేశారు. అలాగే ఇచ్చేశాం.

డబ్బు సంగతి: మొత్తం 2,346 డాలర్లు వచ్చాయి. పార్ట్‌టైమ్ జీతంలోంచి ఐదు డాలర్లు తీసిచ్చిన ఎమ్మెస్ పిల్లలకు ప్రత్యేకంగా థాంక్స్. ఆ ఐదు ఎంతో మాకు తెలుసు.

ఇక తిండి. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కుల నిండా అల్లం టీ తెచ్చిన ఆంటీలూ, రాత్రి పన్నెండు దాటాక కూడా పిల్లల్ని కారులో పడుకోబెట్టుకుని మాతో నడిచిన అక్కాబావలూ, మీకు థాంక్స్ అంటే తిడతారని తెలిసీ చెప్తున్నాం.

ఒక పెద్ద స్టీలు గిన్నె మా దగ్గరే ఉండిపోయింది. అంచున పేరు కొట్టించి ఉంది గానీ తోమి తోమి అరిగిపోయింది, చివర 'మ్మ' ఒక్కటే కనబడుతోంది. ఎవరిదో చెప్తే ఈ ఆదివారం తెచ్చిస్తాం.