గుడి వాకిట్లో మొదటి గొంతు పూజారిది కావాలి

ఆంధ్రప్రదేశ్ దేవాదాయ, ధర్మాదాయ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అర్చకులం, పాస్టర్లం, ఇలాంటి కేసులు చూసే న్యాయవాదులం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. దళితుణ్ణి గుడి దగ్గర ఆపేది దేవుడి పేరు చెప్పే. కానీ ఫిర్యాదు రాయాల్సిన భారం దాదాపు ఎప్పుడూ ఆ దళితుడి మీదే పడుతోంది. ఆ దేవుడి సేవలో బతుకుతున్నవాళ్లు మాత్రం నోరు విప్పడం లేదు. ఇది మారాలి. మార్చే వీలు మీ శాఖకు ఉంది.

"లోపలికి రావద్దు" అని ఇప్పుడు ముఖం మీద అనేవాళ్లు తక్కువ. దళితవాడ నుంచి జనం వస్తున్నారని తెలియగానే గర్భగుడికి తాళం పడుతుంది, పూజారి గారు ఊళ్లో లేరంటారు. తీర్థం పైనుంచి పోస్తారు, శఠగోపం తలకు తగలకుండా గాల్లోనే తిప్పేస్తారు. కొబ్బరికాయ గడప బయటే కొట్టించుకుంటారు. జాతరకు డప్పు వాళ్లదే కావాలి, చందా మాత్రం వాళ్ల దగ్గర తీసుకోరు. ఈ చందా సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు కీలకం అక్కడే ఉంది. చందా ఇవ్వనివాడికి ఉత్సవ కమిటీలో చోటుండదు. కమిటీలో లేనివాడి వీధికి రథం రాదు. మలుపు దాకా వచ్చి తిరిగిపోతుంది.

అడిగితే "ఇది ఊరి పెద్దలు కట్టించుకున్న రామాలయం, మీ శాఖది కాదు" అంటారు. ఆ మాట చట్టం ముందు చెల్లదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం, సొంత గుడి అయినా నలుగురూ పూజలు చేసుకోవడానికి వదిలితే అది ప్రజల గుడే. అక్కడ అడ్డుకుంటే నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. అదే నేరం 1989 నాటి అట్రాసిటీ చట్టంలోకి, 2015 సవరణతో చేర్చిన సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) కిందకు వస్తే శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్లు. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీకి తగ్గని అధికారి. 2018లో చేర్చిన 18ఎ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ కూడా అక్కర్లేదు.

మరి ఎక్కడ చెడుతోంది? రాజీ దగ్గర. అధికారులు వచ్చి, పోలీసు బందోబస్తు మధ్య ఒక రోజు గుడిలోకి తీసుకెళ్లి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. మర్నాటి నుంచి కూలి పనికి పిలుపు ఉండదు, కొట్లో ఉప్పు కూడా అమ్మరు, ఆటో ఆగదు, పాలు కొనరు. ఈ వెలి కూడా అట్రాసిటీ చట్టం కింద నేరమే. కానీ "ఎవరితో పని చేయించుకోవాలో మా ఇష్టం" అనే మాట వెనక దాక్కుంటుంది కాబట్టి సాక్షి దొరకడు. ఊరందరి ఇళ్లలో పూజకు వెళ్లే అర్చకుడికి ఎవరు ఏం అన్నారో తెలుసు. ఆయన చెప్పే సాక్ష్యాన్ని ఊరు తేలిగ్గా కొట్టిపారేయలేదు.

ఇది సంప్రదాయానికి విరుద్ధమని ఎవరైనా అంటే, అన్ని కులాలనూ ఒకే బంతిలో కూర్చోబెట్టిన పల్నాట బ్రహ్మనాయుడి చాపకూడు మన సంప్రదాయం కాదా అని అడుగుతాం. అంటరానివాడని గుడి బయటే ఉండిపోయిన భక్తుడు తిరుప్పాణాళ్వారును శ్రీరంగం అర్చకుడు లోకసారంగ ముని భుజాల మీద లోపలికి మోసుకెళ్లిన కథ ఏ వైష్ణవుడికి తెలియదు? 2018 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ గారు హైదరాబాద్ జియాగూడ రంగనాథుడి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ణి అలాగే మోసుకెళ్లారు. ఏ సర్క్యులరూ రాకముందే ఒక అర్చకుడు చేసిన పని అది.

చర్చిలకూ ఈ మాట వర్తిస్తుంది. కులానికో శ్మశానం, కులానికో బల్ల ఉన్న సంఘాలు మన రాష్ట్రంలో ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, అట్రాసిటీ చట్టం అండ లేదు. 1955 చట్టానికి ఆ షరతు లేదు. అక్కడ చూసేది అంటరానితనం పాటించారా లేదా అనేదే. ఈ సంగతి తెలిసిన పాస్టర్లు చాలా తక్కువ.

2017లో అమెరికాలోని ఒలేతలో "మా దేశం విడిచి పో" అంటూ ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపినప్పుడు, అక్కడి జనం మతం చూడకుండా వీధిలో నడిచి, కలిసి ప్రార్థించారు. మనం కన్నీళ్లతో కృతజ్ఞతలు చెప్పుకున్నాం. పుట్టుకను బట్టి మనిషిని తక్కువ చేయడంలో కులవివక్ష కూడా ఉందని ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2002లోనే చెప్పింది. అక్కడివాళ్లు మన కోసం మాట్లాడినట్టే మనమూ మన ఊళ్లో మాట్లాడాలి.

మీరు చేయగలిగినవి చెబుతాం. ఆదాయం లేని చిన్న గుళ్లకు ప్రభుత్వం సాయం చేసే ధూప దీప నైవేద్యం పథకం కింద నెలకు 10,000 రూపాయలు అందుకునే ప్రతి గుడిలో, ఎవరినైనా కులం పేరుతో ఆపితే 24 గంటల్లో అర్చకుడే తహసీల్దారుకూ ఎస్‌ఐకీ రాతపూర్వకంగా తెలియజేయాలని ఉత్తర్వు ఇవ్వండి. అలా రాసిన అర్చకుణ్ణి ఊరు వెలివేస్తే ఏడాది పాటు ఆయన జీతభత్యాలకు శాఖ పూచీ పడాలి. ఈ హామీ లేకపోతే ఉత్తర్వు కాగితంగానే మిగులుతుంది. శాఖ గుళ్లలో ఉత్సవాలకు అనుమతిచ్చే ముందు ఊరేగింపు రూటు మ్యాపు తెప్పించుకోండి, అందులో దళితవాడ వీధి ఉందో లేదో చూడండి. శిక్ష పడిన ధర్మకర్తల గుడికి ప్రభుత్వం ఇచ్చిన భూమిని, డబ్బును నిలిపివేసే అధికారం 1955 చట్టంలోని 9వ సెక్షన్‌లో ఉంది. వాడండి.

చివరగా, ప్రతి నెలా 30న జరిపే పౌరహక్కుల దినం. ఇప్పుడు అధికారులు దళితవాడకు వెళ్లి, వివక్ష తప్పని వివక్షకు గురవుతున్నవాళ్లకే చెప్పి వస్తున్నారు. జబ్బు ఒకరికి, మాత్ర ఇంకొకరికి. ఆ సభను ఊరి రామాలయం మెట్ల మీద పెట్టించండి. అర్చకుడు, పాస్టరు, ఇమాము ముగ్గురూ ముందు వరుసలో కూర్చుని, "ఇది శాస్త్రం కాదు, నేరం" అని ఊరి పెద్దల ఎదుటే మైకులో చెప్పాలి. వచ్చే 30వ తేదీకి మీరు ఏ ఊరు చెబితే ఆ ఊరికి మాలో ఒక అర్చకుడు, ఒక పాస్టరు వస్తారు.

ఇట్లు,
కొందరు అర్చకులు, పాస్టర్లు, న్యాయవాదులు