సోరియాసిస్ ఉన్నవారి నోటిని కూడా చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో సోరియాసిస్ గురించి వచ్చే వ్యాసాలను శ్రద్ధగా చదువుతుంటాను. మోచేతులు, మోకాళ్లు, తల మీద లేచే పొలుసుల గురించి, ఇది అంటువ్యాధి కాదన్న సంగతి గురించి చక్కగా వివరిస్తున్నారు. నోరు, దవడల ప్రస్తావన మాత్రం వాటిలో నాకు కనిపించలేదు. 18 ఏళ్లుగా ఈ జబ్బుతో ఉన్నదాన్ని కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట, పొద్దున లేచేసరికి కుడి చెవి ముందు దవడ బిగుసుకుపోయి, ఇడ్లీ ముక్కను వేళ్లతో చిదిమి పెదాల మధ్య నుంచి లోపలికి తోసుకోవలసి వచ్చేది. వేడి కాపడం పెట్టుకున్న అరగంటకు గానీ నోరు తెరుచుకునేది కాదు. తెరిచినప్పుడల్లా చెవి దగ్గర టక్కుమని చప్పుడయ్యేది. దంతవైద్యుడు ఇదంతా జ్ఞానదంతం వల్లేనని దాన్ని తీసేశారు, నొప్పి మాత్రం పోలేదు. కొన్నాళ్లకు చేతివేళ్లు వాచి రుమటాలజిస్టు (కీళ్లవాతం వైద్యురాలు) దగ్గరకు వెళితే, ఆవిడ నా గోళ్ల మీది సన్నటి గుంటలను చూసి, చెవుల ముందు వేళ్లు ఆనించి, నోరు తెరిచి మూయమని, ఇది సోరియాటిక్ ఆర్థ్రయిటిస్ అని, దవడ కీలుకు కూడా సోకిందని చెప్పారు. సోరియాసిస్ ఉన్నవారిలో 30 శాతం దాకా ఈ కీళ్లవాపు రావచ్చంటారు. అయినా పన్ను తీసేముందు నా చర్మం గురించి ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు.

చిగుళ్ల సంగతి ఇంకా ముఖ్యమైనది. పంటి చుట్టూ ఎముక అరిగి పళ్లు కదిలిపోయే పెరియోడాంటైటిస్, సోరియాసిస్ ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుందని పలు అధ్యయనాల్లో తేలింది. ఇంటర్‌ల్యూకిన్-17, టీఎన్ఎఫ్ వంటి వాపును పెంచే పదార్థాలు రెండు జబ్బుల్లోనూ పనిచేస్తాయి. ఒకదాని వల్లే రెండోది వస్తుందని దీన్నిబట్టి అనలేం, ఎందుకంటే పొగతాగడం, మధుమేహం, స్థూలకాయం రెండింటితోనూ ముడిపడి ఉన్నాయి. కానీ బ్రష్ చేసేటప్పుడు రక్తం వస్తున్నా గార తీయించుకోకుండా ఉండటం మాలాంటివారికి మంచిది కాదు.

నాలుక మీద తెల్లటి అంచులతో ఎర్రటి మచ్చలు లేచి, చోటు మారుతూ పటంలా కనిపించే జియోగ్రాఫిక్ టంగ్ కూడా సోరియాసిస్ ఉన్నవారిలో ఎక్కువ. అది చాలావరకు ప్రమాదం లేనిదే, సోరియాసిస్ లేనివారికీ వస్తుంది. అయితే నోటి పూత అనుకుని నెలల తరబడి బీ కాంప్లెక్స్ మాత్రలు మింగేవారిని నేను చూశాను.

మందుల విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. సోరియాసిస్‌కు ఇచ్చే మందుల్లో, వారానికి ఒక్క రోజే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. నోటినిండా పుండ్లు పడటం దానికి తొలి హెచ్చరికల్లో ఒకటి. ఈ జబ్బుకే ఇచ్చే మరో మందు సైక్లోస్పోరిన్ వల్ల కొందరికి చిగుళ్లు పెరుగుతాయి. ఇంటర్‌ల్యూకిన్-17ను అడ్డుకునే ఇంజెక్షన్లతో నోట్లో తెల్లటి ఫంగస్ పూత రావచ్చు.

చర్మవైద్యులు ప్రతి సోరియాసిస్ రోగినీ ఒకసారి నోరు తెరవమని అడగాలని, దంతవైద్యులు కేసు షీటులో చర్మవ్యాధి, వాడుతున్న మందుల గురించి ఒక ప్రశ్న చేర్చాలని నా విన్నపం. అక్టోబర్ 29న ప్రపంచ సోరియాసిస్ దినం సందర్భంగా వేసే ప్రత్యేక పేజీలో ఈసారి ఒక దంతవైద్యుని చేత కూడా రాయించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం